మన పెద్దల అమెరికా జ్ఞాపకాలను ఇప్పుడే రికార్డు చేయండి: తెలుగు సంఘాలకు, ఆలయ ధర్మకర్తలకు బహిరంగ లేఖ

అమెరికాలోని తెలుగు సంఘాల కార్యవర్గ సభ్యులకు, తెలుగువారు నిర్వహణలో పాలుపంచుకుంటున్న ఆలయాల ధర్మకర్తల మండళ్లకు,

నమస్కారములు.

పెన్సిల్వేనియా పడమటి ప్రాంతంలో ఉంటూ, పెద్దవారి జ్ఞాపకాలను మౌఖిక చరిత్రగా రికార్డు చేస్తున్న కొద్దిమంది స్వచ్ఛంద కార్యకర్తల తరఫున ఈ లేఖ రాస్తున్నాను. పండుగలు, మహాసభలు, తెలుగు బడులు, ఆపదలో ఉన్న విద్యార్థులకు సాయం, ఇక్కడ చనిపోయినవారిని స్వదేశంలోని కుటుంబాలకు చేర్చడం వంటి పనులను మీరు ఎంత శ్రమకోర్చి చేస్తున్నారో మాకు తెలుసు. ఆ గౌరవంతోనే నేరుగా విషయానికి వస్తున్నాను.

1960ల చివరి నుంచి 1990ల దాకా ఈ దేశానికి వచ్చిన సామాన్య తెలుగువారి జ్ఞాపకాలను ఒక పద్ధతి ప్రకారం రికార్డు చేసి, ప్రజలందరికీ అందుబాటులో ఉండే ఆర్కైవులో భద్రపరచాలని కోరుతూ మేము ఒక సంఘానికి ప్రతిపాదన పంపాం. అందిందని ఒక్క వాక్యం వచ్చింది. ఆ తర్వాత గుర్తుచేస్తూ రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. మరొక సంఘం తన సభల్లో ఈ విషయం మీద మాట్లాడేందుకు కొంత సమయం ఇస్తామని మాట ఇచ్చి, తీరా ఆ రోజున ఆ సమయాన్ని దాతల సన్మానానికి మళ్లించింది. ఎవరినో వేలెత్తి చూపడం మా ఉద్దేశం కాదు కనుక పేర్లు రాయడం లేదు. అయితే ఈ నిరీక్షణలోనే మేము కలవాలనుకున్న పెద్దల్లో కొందరు కన్నుమూశారు, మరికొందరు జ్ఞాపకశక్తి కోల్పోయారు. ఇక ఉత్తరాలతో పని జరగదని తేలినందువల్ల, ఈ మాటను అందరి ముందూ పెడుతున్నాం.

ఈ జ్ఞాపకాలు మన కుటుంబాల సొంత వ్యవహారమనీ, మనవలకు చెప్పుకుంటే చాలుననీ కార్యవర్గాల్లోని కొందరు మాతో అన్నారు. దానితో మేము ఏకీభవించలేం. 1965 జులై 30న మెడికేర్, మెడికెయిడ్ చట్టం వచ్చింది. అదే ఏడాది అక్టోబరు 3న లిబర్టీ ద్వీపంలో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కొత్త వలస చట్టం మీద సంతకం చేశారు. అంతకుముందు, 1946 చట్టం ప్రకారం భారతదేశానికి దక్కిన కోటా ఏడాదికి 100 మంది మాత్రమే. వృద్ధులకు, పేదలకు ప్రభుత్వ ఖర్చుతో వైద్యం అందడం మొదలవగానే ఆస్పత్రులకు డాక్టర్లు కావలసి వచ్చారు. దేశాలవారీ పాత కోటాలు తొలగిపోగానే గుంటూరు, విశాఖపట్నం, హైదరాబాదు, కర్నూలు వైద్య కళాశాలల్లో చదివినవారికి దారి తెరుచుకుంది. వారిలో చాలామంది చేరినవి ఇక్కడి డాక్టర్లు వెళ్లడానికి ఇష్టపడని పెద్ద నగరాల పేటల ఆస్పత్రులు, తూర్పు అమెరికాలోని అప్పలాచియా కొండప్రాంతపు బొగ్గుగనుల ఊళ్లు. నల్లజాతి రోగులను వేరే వార్డుల్లో ఉంచే ఆనవాయితీని మెడికేర్ నిధుల షరతు బద్దలుకొడుతున్న కాలమది. అటువంటి వార్డులో రాత్రి డ్యూటీ చేసిన రెసిడెంటు డాక్టరు, ఆ డ్యూటీ ముగిసేదాకా చంటిబిడ్డతో అద్దె గదిలో ఎదురుచూసిన ఆయన భార్య చూసినది అమెరికా చరిత్రే. వియత్నాం యుద్ధకాలంలో గ్రీన్‌కార్డు ఉన్న యువకులు కూడా సైనిక డ్రాఫ్టుకు, అంటే సైన్యంలో చేరమనే నిర్బంధ పిలుపుకు, లోబడే ఉండేవారన్న సంగతి ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. ఆ పిలుపు ఉత్తరం వచ్చిందేమోనని భయపడుతూ తపాలాపెట్టె తెరిచినవారు ఇంకా మన మధ్య ఉన్నారు.

మా ప్రాంతం సంగతే చూడండి. మొనాంగహేలా నది లోయలోని ఉక్కు కర్మాగారాలు 1970ల చివరి నుంచి ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. 1892 సమ్మెతో చరిత్రకెక్కిన హోమ్‌స్టెడ్ కర్మాగారం 1986లో ఆగిపోయింది. ఉద్యోగాలు పోయిన కార్మికుల మాటలను ఇక్కడి మ్యూజియాలు, గ్రంథాలయాలు శ్రద్ధగా సేకరించాయి. అది చేయవలసిన పని, చక్కగా చేశారు. అదే ఏళ్లలో ఈ లోయ చుట్టుపక్కల డిజైన్ కార్యాలయాల్లో, ప్రయోగశాలల్లో పనిచేస్తూ ఉద్యోగం పోగొట్టుకున్న తెలుగు ఇంజనీర్ల మాట మాత్రం మాకు ఎక్కడా కనిపించలేదు. ఇల్లు అమ్ముడుపోక, పిల్లల చదువు మధ్యలో ఆపలేక, భర్త హ్యూస్టన్‌లోనో న్యూజెర్సీలోనో గది తీసుకుని ఉంటే, భార్య ఇక్కడ మంచులో కారు నడపడం నేర్చుకుని సంసారం నెట్టుకొచ్చిన ఇళ్లు మేము ఎరిగినవే ఉన్నాయి. పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో శ్రీ వేంకటేశ్వరాలయం ప్రతిష్ఠ 1976లో జరిగిందని అందరికీ తెలుసు, ఎందుకంటే ఆ తేదీ రాతలో ఉంది. ఆ రోజుల్లో వంటశాలలో పులిహోర కలిపినవారు, శనివారాలు వచ్చి గోడలకు రంగులు వేసినవారు, పొరుగు ఊళ్ల నుంచి గంటలకొద్దీ కారు నడుపుకుంటూ వచ్చినవారు మిగతా ఐదు రోజులు ఏ ఉద్యోగం చేశారో, ఆఫీసులో వారినెవరు ఏమన్నారో, ఏ పొరుగువాడు వారి వాకిట్లో మంచు తవ్విపెట్టాడో రాతలో లేదు.

సామాన్యుల మాటను చరిత్రగా స్వీకరించడంలో ఈ దేశానికి మంచి సంప్రదాయం ఉంది. మహామాంద్యం కాలంలో ఉపాధి లేని రచయితలకు పని కల్పించేందుకు ప్రభుత్వం పెట్టిన ఫెడరల్ రైటర్స్ ప్రాజెక్టు, 1936 నుంచి 1938 మధ్య 17 రాష్ట్రాల్లో, ఒకప్పుడు బానిసలుగా బతికిన 2,300 మందికి పైగా వృద్ధుల కథనాలను రాసిపెట్టింది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగిన మర్నాడు, 1941 డిసెంబరు 8న, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో జానపద సంగీత విభాగం చూస్తున్న అలన్ లోమాక్స్, దారిన పోయే మనుషులు ఏమనుకుంటున్నారో రికార్డు చేయమని పది ప్రాంతాల్లోని క్షేత్ర పరిశోధకులకు తంతి పంపాడు. 1948లో చరిత్రకారుడు అలన్ నెవిన్స్ కొలంబియా విశ్వవిద్యాలయంలో మౌఖిక చరిత్ర కేంద్రాన్ని ప్రారంభించాడు, తొలినాళ్లలో అది పదవుల్లో ఉన్నవారి మాటలకే ఎక్కువ చోటిచ్చినా. 2000లో అమెరికన్ కాంగ్రెస్ స్వయంగా చట్టం చేసి మాజీ సైనికుల జ్ఞాపకాల సేకరణ మొదలుపెట్టింది. ఈనాటికి లక్షకు పైగా సైనికుల గాథలు అందులో చేరాయి. 2003లో న్యూయార్క్ గ్రాండ్ సెంట్రల్ స్టేషనులో స్టోరీకోర్ అనే సంస్థ వాళ్లు ఒక చిన్న గది కట్టి, ఎవరైనా ఇద్దరు వచ్చి నలభై నిమిషాలు మాట్లాడుకుంటే ఆ సంభాషణను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దాచే ఏర్పాటు చేశారు. ఫిలడెల్ఫియా కేంద్రంగా 2008 నుంచి సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ మన ఉపఖండం వారి పత్రాలను, గొంతులను సేకరిస్తోంది. తలుపులు మూసి ఉన్నాయని మనం అనలేం. తీసుకువెళ్లి ఇవ్వవలసిన మనమే ఇవ్వడం లేదు.

బానిసత్వపు జ్ఞాపకాల సేకరణ నుంచి నేర్చుకోవలసిన మాట ఒకటుంది, మా కోరికలు కొన్ని దాని నుంచే పుట్టాయి. బానిసత్వం రద్దయింది 1865లో. అడిగేవారు వచ్చింది 70 ఏళ్లు దాటాక. అప్పటికి మిగిలినవారిలో ఎక్కువమంది ఆ రోజుల్లో చిన్నపిల్లలు. పైగా అడిగినవారిలో అత్యధికులు తెల్లవారు, అదీ జాతివివక్ష చట్టాలు అమల్లో ఉన్న దక్షిణాది రాష్ట్రాల్లో. కొందరు వృద్ధులు వచ్చినవాళ్లను పెన్షను ఇప్పించే సర్కారు మనుషులనుకున్నారు, అందుకు తగ్గట్టే మాట్లాడారు. వారి ఉచ్చారణను రాసినవారు తమకు తోచినట్టు రాశారు. ఆ కథనాలు ఇప్పటికీ అమూల్యమైనవే, కానీ అడిగినదెవరు, ఎప్పుడు అడిగారు, ఏ భాషలో అడిగారు అన్నదాన్ని బట్టి జవాబు మారిపోతుందని వాటిని చదివిన ప్రతి చరిత్రకారుడూ ఒప్పుకుంటాడు. మనకు దారి తెరిచిన 1965 వలస చట్టం వచ్చి కూడా 60 ఏళ్లు నిండాయి. 1968లో పాతికేళ్ల వయసులో దిగినవారికి ఇప్పుడు 80 దాటాయి.

జ్ఞాపకాలు చెప్పినందువల్ల లోకంలో ఏమైనా మారుతుందా అని అడిగేవారికి జపనీస్ అమెరికన్ల అనుభవం చూపించాలి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షా ఇరవై వేల మందిని, అందులో అత్యధికులు అమెరికా పౌరులే అయినా, ముళ్లకంచెల శిబిరాల్లో పెట్టారు. విడుదలయ్యాక చాలా ఇళ్లలో తల్లిదండ్రులు ఆ సంగతి పిల్లలతో ఎత్తలేదు. 1981లో ప్రభుత్వ కమిషన్ పలు నగరాల్లో విచారణలు జరిపినప్పుడు 750 మందికి పైగా సాక్షులు ముందుకొచ్చి మాట్లాడారు. తోటమాలులు, చిల్లర దుకాణదారులు, గృహిణులు నోరు విప్పారు. 1988లో దేశం చట్టపూర్వకంగా క్షమాపణ చెప్పి, బతికి ఉన్న ఒక్కొక్కరికి 20 వేల డాలర్లు చెల్లించింది. సియాటిల్‌లో 1996లో మొదలైన డెన్షో అనే సంస్థ ఆ శిబిరాల్లో ఉన్నవారి ముఖాముఖీలను నేటికీ కాపాడుతోంది.

మనకైతే మొదటి పెద్ద నష్టం జరిగి చాలా కాలమైంది. భీమవరంలో పుట్టిన వైద్య శాస్త్రజ్ఞుడు యల్లాప్రగడ సుబ్బారావు 1923లో బోస్టన్ చేరారు. భారతీయులు ఈ దేశ పౌరసత్వానికి అర్హులు కారని భగత్‌సింగ్ థిండ్ కేసులో ఇక్కడి సుప్రీంకోర్టు తీర్పునిచ్చినది ఆ ఏడాదే. రాత్రిపూట ఆస్పత్రిలో కింది పనులు చేస్తూ చదువుకుని, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్ ప్రయోగశాలలో గొప్ప మందుల మీద పనిచేసి, 1948లో పౌరుడు కాకుండానే మరణించారు. ఆయన శాస్త్ర పత్రాలు మిగిలాయి. ఆ రాత్రులు ఎలా గడిచాయో, తెల్లతోలు లేని శాస్త్రజ్ఞుడికి 1930ల అమెరికాలో గది ఎవరు అద్దెకిచ్చారో ఎవరైనా తీరికగా కూర్చుని అడిగి ఉంటే ఆ జవాబులు ఈ దేశానికీ అక్కరకు వచ్చేవి. అంతటివారి విషయంలోనే అలా జరిగితే, పేరులేని వారి సంగతి వేరే చెప్పాలా?

ఈ అశ్రద్ధ వల్ల సామాన్యులకు కలుగుతున్న నష్టాలు ఇవి.

1. ఆడవారి చరిత్ర పూర్తిగా చెరిగిపోతోంది. సంఘాల సావనీర్లు తిరగేస్తే డాక్టర్లు, శాస్త్రజ్ఞులు, వ్యాపారులు, అధ్యక్షులు కనిపిస్తారు, అత్యధికులు పురుషులు. ఎమ్మే చదివి వచ్చి, డిపెండెంటు వీసా మీద పనిచేయడానికి అనుమతి లేక ఏళ్ల తరబడి అపార్టుమెంటులో ఉండిపోయిన స్త్రీ, పిల్లలు బడికి వెళ్లాక డిపార్టుమెంటు స్టోరులో క్యాషియరుగా చేరి క్రెడిటు కార్డు తన పేరు మీద తెచ్చుకున్న స్త్రీ, నర్సుగా రాత్రి షిఫ్టులు చేసి తమ్ముళ్లను చదివించిన స్త్రీ ఆ పేజీల్లో ఉండరు. చింతపండు దొరకని ఊళ్లో నిమ్మరసంతో చారు కాచడం, క్రీమ్ ఆఫ్ వీట్‌తో ఉప్మా చేయడం, ప్యూర్టోరికన్ల దుకాణంలో చింతపండు కనిపిస్తే ఊళ్లోని తెలుగు ఇళ్లన్నిటికీ ఫోన్లు చేయడం వంట కబుర్లని కొట్టిపారేస్తారు. ఒక నగరంలో ఏ వలస వర్గం ఏ వర్గాన్ని ఆసరా చేసుకుని నిలదొక్కుకుందో తెలుసుకోవాలంటే ఇంతకంటే నమ్మకమైన ఆధారం ఉండదు. ప్రసవమైన గదిలో పక్కన తల్లి లేక, తెలుగు మాట వినిపించక, పొరుగింటి ఇటాలియన్ అవ్వ తెచ్చిన సూపు తాగి కోలుకున్న బాలింత అనుభవం అమెరికా ఆడవారి చరిత్రలో భాగం. సన్మాన వేదిక మీద భర్త పక్కన నిలబెట్టి పూలగుత్తి ఇచ్చినంత మాత్రాన ఆ అనుభవం రికార్డు కాదు. ఆమెను వేరుగా, భర్త లేని గదిలో, తొందర లేకుండా అడగాలి.

2. ఎదుర్కొన్న వివక్ష గురించి మన దగ్గర ఆధారం మిగలడం లేదు. నివాస గృహాల విషయంలో వివక్షను నిషేధించే చట్టం 1968లో వచ్చింది. ఫోనులో ఖాళీ ఉందని చెప్పిన ఇల్లు, మనిషి ఎదుట పడగానే నిండిపోవడం ఆ తర్వాత కూడా సాగింది. 1987లో జెర్సీ సిటీలో భారతీయులను వెళ్లగొడతామంటూ ఒక ముఠా రాసిన బెదిరింపు ఉత్తరం స్థానిక పత్రికలో అచ్చయింది. ఆడవారి నుదుటి బొట్టు మీదే ఆ ముఠా తన పేరు పెట్టుకుంది. ఆ ఏడాదే పక్కనున్న హోబోకెన్‌లో నవ్‌రోజ్ మోడీ అనే యువకుడిని కొట్టి చంపారు. ఆ నెలల్లో ఇంటి నుంచి బయటికి వెళ్లే ముందు బొట్టు తుడిచేసుకున్న తెలుగు స్త్రీలు ఉన్నారు. వారికిప్పుడు డెబ్బై ఏళ్లు దాటాయి. ఈనాడు వలసదారుల మీద ద్వేషం పెరిగినప్పుడల్లా మన యువత ఇది మునుపెన్నడూ లేనిదని కంగారుపడుతోంది. అప్పుడు ఎవరు ఎలా నిలబడ్డారో, ఏ పొరుగువారు అండగా వచ్చారో, పోలీసులు ఏమన్నారో చెప్పగలవారు ఉండగా ఈ పిల్లలు ఏమీ తెలియకుండా మిగలడం అన్యాయం.

3. గెలిచినవారి కథలే మిగులుతున్నాయి. మోటెల్లో గదులు ఊడ్చినవారు, పెట్రోలు బంకులో రాత్రి కాపలా ఉన్నవారు, ట్యాక్సీ నడిపినవారు, చదువు పూర్తిచేయలేక సిగ్గుతో ఊరికి ఉత్తరాలు మానేసినవారు, 1973 చమురు సంక్షోభం తర్వాత ఉద్యోగం పోయి తిరిగి వెళ్లిపోయినవారు మనలో ఉన్నారు. విడాకులు, కుంగుబాటు, మద్యం, బిడ్డను పోగొట్టుకోవడం వంటి అనుభవాలు ఏ జాతికైనా ఉంటాయి. అవి లేనట్టు నటించే సమాజంలో, నేడు అవే కష్టాలు పడుతున్నవారు తామొక్కరమే ఇలా ఉన్నామనుకుని లోలోపల కుమిలిపోతున్నారు.

4. ఉన్న ఆధారాలు కూడా నశిస్తున్నాయి. ఫోను కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకోవలసిన ఆ రోజుల్లో, ఊళ్లో అమ్మానాన్నలు క్యాసెట్లో మాట్లాడి పోస్టులో పంపేవారు, ఇక్కడివారు తిరిగి మాట్లాడి పంపేవారు. ఆ క్యాసెట్లు, నీలిరంగు ఏరోగ్రాములు (విమాన తపాలా ఉత్తరాలు), తొలి సంఘాల నాటకాల రీలు టేపులు నేలమాళిగల్లో తడికి పాడవుతున్నాయి. అయస్కాంత టేపు మీది బంధక పదార్థం గాలిలోని తేమను పీల్చుకుని జిగటెక్కుతుంది. అటువంటి టేపును అవగాహన లేకుండా ఆడిస్తే పూత ఊడిపోయి, ఆ గొంతు ఇక ఎప్పటికీ వినపడదు. వాటిని ఆడించే మంచి యంత్రాలు, బాగుచేసే మనుషులు ఏటికేడు తగ్గిపోతున్నారు. పెద్దవారు పోయాక ఇల్లు ఖాళీ చేసే పిల్లలు ఆ డబ్బాలను చెత్తకు వేయడం మేము చూస్తూనే ఉన్నాం. వారినీ తప్పుపట్టలేం, అందులో ఏముందో వారికి చెప్పినవారు లేరు.

5. లెక్క ప్రకారం చూసినా సమయం లేదు. 2000 జనగణనలో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవారు దేశం మొత్తం మీద లక్షలోపే. అందులోనూ 1985కు ముందే వచ్చినవారు కొద్దిమందే అయి ఉంటారు. వారిలో ఎంతోమందిని కోవిడ్ తీసుకుపోయింది.

పైన చెప్పినవాటిని దృష్టిలో పెట్టుకుని, మీ ముందు ఈ కోరికలు ఉంచుతున్నాం. ఇవి అభ్యర్థనలే అయినా, తేలికగా తీసుకోవద్దని గట్టిగా కోరుతున్నాం.

1. ప్రతి మహాసభల బడ్జెట్టులోనూ మౌఖిక చరిత్రకు ఒక నిర్ణీత భాగం కేటాయించి, ఆ లెక్కను సభ్యులకు ప్రకటించండి. సినీతారల ప్రయాణ ఖర్చులతో, విందులతో పోలిస్తే ఇది చిన్న మొత్తం. ప్రభుత్వ నిధులు వస్తాయి కదా అని ఎదురుచూడలేం. మానవీయ శాస్త్రాలకు సాయం చేసే జాతీయ నిధి సంస్థ 2025 ఏప్రిల్‌లో వెయ్యికి పైగా గ్రాంట్లను మధ్యలోనే రద్దు చేయడంతో ఎన్నో చిన్న మ్యూజియాలు, స్థానిక చరిత్ర ప్రాజెక్టులు చిక్కుల్లో పడ్డాయి.

2. ఎవరిని ముందు అడగాలన్నది వయసును, ఆరోగ్యాన్ని బట్టి నిర్ణయించండి. విరాళం, పదవి, ఊరు, కులం, ప్రాంతం ఇందులో కొలమానాలు కాకూడదు. కోస్తా, రాయలసీమ, తెలంగాణ, ఉత్తరాంధ్ర వారు, తమిళనాడు, కర్ణాటక, ఒడిశాల నుంచి వచ్చిన తెలుగువారు, ముస్లిం, క్రైస్తవ, దళిత కుటుంబాలవారు అందరూ ఈ సేకరణలో ఉండాలి. మన సంఘాలు ఏ గీతల మీద చీలాయో అందరికీ తెలుసు. ఆ చీలికలు ఆర్కైవులోకి కూడా ప్రవేశిస్తే ఈ పని విలువ పోతుంది.

3. అడిగేవారికి శిక్షణ ఇప్పించండి. కెమెరా ముందు కూర్చోబెట్టి, మీ విజయ రహస్యమేమిటని అడగడం మౌఖిక చరిత్ర కాదు. వచ్చిన రోజున ఎవరు ఎదురొచ్చారు, మొదటి చెక్కు ఎంత, దాన్ని ఏం చేశారు, మార్టిన్ లూథర్ కింగ్ హత్య వార్త విన్నప్పుడు ఎక్కడ ఉన్నారు, పక్కింటివారితో మొదటి గొడవ దేని మీద వచ్చింది వంటి ప్రశ్నలు వేసి, మధ్యలో అడ్డుపడకుండా, మౌనంగా ఉంటే ఆ మౌనాన్ని కూడా రికార్డు కానిచ్చే ఓర్పు నేర్పితేనే వస్తుంది. స్థానిక విశ్వవిద్యాలయాలు, ప్రజా గ్రంథాలయాలు ఇటువంటి శిక్షణ ఇస్తాయి.

4. వారి తెలుగులోనే మాట్లాడనివ్వండి. ఇంగ్లిషులో అడిగితే చాలామంది పెద్దలు ఉద్యోగ దరఖాస్తుకు జవాబిచ్చినట్టు మాట్లాడతారు. తమ యాసలోకి దిగాకే కోపం, దుఃఖం, సంతోషం బయటికొస్తాయి. 1970లలో ఊరు విడిచినవారి నోట ఆనాటి జిల్లా పలుకుబడి చెక్కుచెదరకుండా ఉండిపోవడం భాషా పరిశోధకులకు అదనపు లాభం. రాతప్రతి తయారుచేసేటప్పుడు ఆ యాసను పుస్తకాల భాషలోకి దిద్దవద్దు. గంట రికార్డింగును రాతలో పెట్టడానికి ఆరేడు గంటల పని పడుతుంది కనుక, ఆ శ్రమకు డబ్బు చెల్లించండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో తెలుగు, చరిత్ర చదువుతున్న విద్యార్థులకు ఇది గౌరవప్రదమైన పని అవుతుంది. పక్కన ఇంగ్లిషు అనువాదం కూడా ఉంటేనే ఇక్కడి చరిత్రకారులు, మన మనవలు వాడుకోగలుగుతారు.

5. చెప్పినవారి హక్కులను కాపాడండి. రాతపూర్వకమైన అంగీకారం లేకుండా ఒక్క నిమిషం కూడా బయటపెట్టకూడదు. తమ జీవితకాలం వరకు, లేదా తాము పేర్కొన్నన్ని ఏళ్ల వరకు దాచి ఉంచమని అడిగే హక్కు, కొంత భాగం తీసేయమనే హక్కు, రాతప్రతి చదివి సరిచూసుకునే హక్కు వారికి ఉండాలి. వీసా, ఆరోగ్యం, కుటుంబ కలహాల గురించి చెప్పిన మాటలు బతికి ఉన్న ఇతరులకు హాని చేయగలవు. ఈ జాగ్రత్త లేకపోతే నిజం చెప్పడానికి ఎవరూ ముందుకు రారు.

6. సామాజిక మాధ్యమాల్లో వీడియో పెట్టి పని అయిపోయిందనుకోకండి. ఖాతా మూతపడితే, పాస్‌వర్డు ఉన్న కార్యదర్శి మారిపోతే అది మాయమవుతుంది. కుదింపు లేని వేవ్ (WAV) ధ్వని ఫైళ్లుగా భద్రపరిచి, కనీసం మూడు ప్రతులు వేర్వేరు చోట్ల ఉంచి, వాటిలో ఒకటి సంఘం అధీనంలో కాక ఒక విశ్వవిద్యాలయం లేదా రాష్ట్ర చారిత్రక సంస్థ ఆర్కైవులో ఉండేలా ఒప్పందం రాసుకోండి. సంఘాలు చీలిపోవచ్చు, ఆర్కైవులోని ప్రతికి ఆ బెడద ఉండకూడదు.

7. ఆలయాల్లో టేపుల సేకరణ కేంద్రాలు పెట్టండి. పెద్దలు ఎలాగూ వచ్చేది అక్కడికే. క్యాసెట్లు, ఏరోగ్రాములు, ఫొటోలు, పాత సమావేశాల తీర్మానాల పుస్తకాలు తీసుకుని, రసీదు ఇచ్చి, నిపుణుల చేత డిజిటల్ ప్రతులు చేయించి, అసలువి కుటుంబానికి తిరిగి ఇచ్చేయండి. ధర్మకర్తలు ఒక గది, ఒక బీరువా ఇస్తే చాలు. మనుషులను మేము సమకూరుస్తాం.

8. మన పెద్దల ఇరుగుపొరుగును కూడా అడగండి. 1971లో తన వీధిలోకి మొదటి భారతీయ కుటుంబం వచ్చినప్పుడు ఏమనుకున్నాడో చెప్పే విశ్రాంత ఉక్కు కార్మికుడు, మన పిల్లలకు పాఠం చెప్పిన పల్లె బడి పంతులమ్మ, మన డాక్టరుతో కలిసి పనిచేసిన నల్లజాతి నర్సు కూడా ఆ వయసులోనే ఉన్నారు. వారి మాటలు పక్కన లేకపోతే మన కథనం సగమే అవుతుంది.

ఈ పని ఏ ఒక్క సంఘం పేరు మీదా జరగనవసరం లేదు. జాతీయ స్థాయి సంఘాలు, నగర సంఘాలు, ఆలయాలు తలా ఒక ప్రతినిధిని పంపితే ఒక ఉమ్మడి కమిటీ ఏర్పడుతుంది. ప్రశ్నావళి, అంగీకార పత్రం నమూనా, ఖర్చుల అంచనా మా దగ్గర తయారుగా ఉన్నాయి. ఏ పేరూ, ఏ గుర్తింపూ ఆశించకుండా మీకు అప్పగిస్తాం. ఈ ఉగాదిలోగా మీ కార్యవర్గ సమావేశంలో ఈ కోరికలను చర్చకు పెట్టి, ఒప్పుకున్నవేవి, ఒప్పుకోనివేవి, కారణాలేమిటి అన్నది సభ్యులందరికీ రాతపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాం. తిరస్కరించినా సరే, స్పష్టంగా చెప్పండి; అప్పుడు గ్రంథాలయాలను, కుటుంబాలను నేరుగా ఆశ్రయించి పని మొదలుపెడతాం. మీ జవాబు వచ్చేలోగా కూడా, ఇంట్లో డెబ్బై ఐదేళ్లు దాటిన పెద్దలున్నవారు ఎవరైనా రికార్డింగుకు సమ్మతిస్తే, వారి ఇంటికే వచ్చి ఆ పని చేయడానికి మా కార్యకర్తలు సిద్ధంగా ఉన్నారు.

భవదీయులు,
మౌఖిక చరిత్ర స్వచ్ఛంద కార్యకర్తల తరఫున,
పశ్చిమ పెన్సిల్వేనియా